రాజ్యాంగ సభకు గుంటూరు జనం ఓటేశారా?

1946లో దేశ రాజ్యాంగం రాయడానికి రాజ్యాంగ సభ ఏర్పడినప్పుడు గుంటూరు, బెజవాడ జనం ఓటేశారా అంటే, నేరుగా వేయలేదు. రెండూ అప్పుడు ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలోవి. ఆస్తి, పన్ను, చదువు లాంటి అర్హతలున్నవాళ్లకే ఓటు. వాళ్లు ఎన్నుకున్న శాసనసభ్యులు, సుమారు పది లక్షల జనాభాకు ఒకరు చొప్పున ఢిల్లీకి సభ్యులను పంపారు. మద్రాసు వాటా 49. మన నిడుబ్రోలు రైతునాయకుడు ఎన్.జి. రంగా అలా వెళ్లినవారే.

సభ 1946 డిసెంబరు 9న మొదలైంది, అంటే స్వాతంత్ర్యం రాకముందే. ముస్లిం లీగ్ బహిష్కరించింది. విభజన తర్వాత సభ్యుల సంఖ్య 299కి దిగింది.

గ్రూప్స్‌కి చదివేవాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే: సభ అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్. అంబేద్కర్, 1947 ఆగస్టు 29న వేసిన ఏడుగురి ముసాయిదా కమిటీకి అధ్యక్షుడు. ఆ కమిటీ కూడా మొదటి అక్షరం నుంచి రాయలేదు. సభకు రాజ్యాంగ సలహాదారైన బి.ఎన్. రావు తయారుచేసిన 243 అధికరణల ప్రతి వాళ్ల ముందుంది. దాన్ని తిరగరాసి 1948 ఫిబ్రవరిలో ముసాయిదాను జనం ముందు పెట్టారు. ఇక సవరణలు వెల్లువెత్తాయి: నోటీసులు 7,635, సభలో ప్రతిపాదించినవి 2,473. ఒక్కో అధికరణానికీ చర్చ, ఓటింగు. రాజ్యాంగానికి దాదాపు మూడేళ్లు ఎందుకు పట్టిందో వేరే చెప్పాలా?

1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని సభ ఆమోదించింది. పౌరసత్వం, ఎన్నికల కమిషన్ లాంటి కొన్ని అధికరణలు ఆ రోజే అమల్లోకొచ్చాయి, మిగతావి 1950 జనవరి 26న.