రూర్కీ చలిలో పుట్టినరోజు: మరదలికి ఉత్తరం

చి.సౌ. మరదలికి వదిన దీవించి రాయునది.

జనవరి 20న మీవాడి పుట్టినరోజుకి రూర్కీ హాస్టలుకి ఏం పంపాలి, ఎలా పంపాలి అని అడిగావు. ఏం పంపాలన్నది తర్వాత. ముందు తారీకులు చూసుకో. భోగి, సంక్రాంతి, కనుమ సరిగ్గా ఆ ముందు వారంలోనే వస్తాయి. ఆ మూడు రోజులూ మనవైపు కొరియర్ కొట్లు తెరుస్తారన్న నమ్మకం లేదు. అవతల ఉత్తరాదిన జనవరంతా పొగమంచు, రైళ్లు గంటలకొద్దీ ఆలస్యం. మామూలు రోజుల్లో నాలుగైదు రోజుల్లో అందే స్పీడ్ పోస్టుకి ఈ నెలలో పది రోజులు లెక్కేసుకో. 9వ తారీకుకల్లా పెట్టె పాలకొల్లు పోస్టాఫీసులో పడాలి. ముందే అందితే నష్టం లేదు, పైన పెద్ద అక్షరాలతో "20న విప్పు" అని రాసెయ్యి.

అన్ని రోజులు నిలవుండి, దెబ్బలు తిని కూడా చెడకుండా చేరేవి అరిసెలు. పూతరేకులు వాడికిష్టమని తెలుసు. కానీ ఆత్రేయపురం రేకు ఉల్లిపొరంత పలచన, పెట్టెలో నలిగి పొడి మిగులుతుంది. అవి వాడు సెలవులకి వచ్చినప్పుడు పెట్టు. కాకినాడ గొట్టం కాజా అసలే వద్దు, లోపలి పాకం కారి పెట్టంతా జిడ్డవుతుంది. సున్నుండలు పంపొచ్చు గానీ నెయ్యి తగ్గించు. అక్కడ రాత్రిళ్లు అయిదారు డిగ్రీలకి దిగుతుంది, నెయ్యి గడ్డకట్టి ఉండ రాయవుతుంది.

అరిసెలకి కిలో బియ్యం, ముప్పావు కిలో బెల్లం. బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానాలి. నీళ్లు కనీసం రెండుసార్లు మార్చు, లేకపోతే పిండి పులిసిన వాసనొస్తుంది. వడేసి గుడ్డమీద పరిచి, చేతికి తడి అంటుతుండగానే మరపట్టించు. జల్లించిన పిండిని గిన్నెలో అదిమి మూత పెట్టు. పిండి ఆరిందంటే పాకాన్నంతా పీల్చేసుకుంటుంది, అరిసె అంచులు పగులుతాయి. బెల్లంలో అరగ్లాసు నీళ్లు పోసి కరిగాక వడకట్టి పాకం పట్టు. పళ్లెంలో నీళ్లలో చుక్క వేస్తే మెత్తని ఉండ కావాలి. మనింట్లో తినేవాటికైతే ఉండ కాస్త గట్టిగా ఉన్నా సరే. చలి ఊరికి పంపేవాటికి పాకం ఒక్క పిసరు లేతగానే దించు, అక్కడికెళ్లాక అవి ఎలాగూ గట్టిపడతాయి. మరీ లేతగా దించావో, అరిసె నూనెలో విడిపోతుంది. మొదట ఒకటి వేసి చూడు, విడిపోతే పాకంలో పిండి కలిపిన ఆ చలిమిడిలో ఇంకో గుప్పెడు పిండి కలుపు. నేతిలో వేయించకు, చలికి పైన తెల్లగా పేరుకుంటుంది. నూనెలో వేయించి, చెక్కల మధ్య గట్టిగా ఒత్తి నూనె పిండెయ్యి.

అసలు చెడేది ఆ తర్వాత. లోపల వేడి ఉండగా డబ్బాలో పెడితే ఆవిరి మూతకి పట్టి, మూడో రోజుకే బూజు. రాత్రంతా కాగితాల మీద విడివిడిగా ఆరనియ్యి. తర్వాత గట్టి ప్లాస్టిక్ డబ్బాలో అయిదేసి చొప్పున పేర్చి, మధ్యలో బటర్ పేపరు వెయ్యి. గదిలో ఇంకా పిల్లలుంటారు, ముప్పైకి తగ్గకుండా పంపు.

ఇంకో చిన్న పొట్లంలో చెంచాడు తెల్ల నువ్వులు, ఉసిరికాయంత బెల్లం పెట్టు. పుట్టినరోజు నాడు మార్కండేయుణ్ణి తలచుకుని నువ్వులూ బెల్లమూ కలిపిన పాలు తాగడం మనకి ఆనవాయితీ. దూరంగా ఉన్న పిల్లాడు తన చేత్తో తాను చేసుకోగలిగిన పుట్టినరోజు ఇదే, నాకు కేకు కన్నా ఇదే ముఖ్యం. చీటీ రాసి పెట్టు: పాలు మెస్సులో తీసుకో, గోరువెచ్చగా అయ్యాకే బెల్లం కలుపు, మరిగే పాలల్లో వేస్తే విరిగిపోతాయి. అక్షింతలు తడిపసుపుతో కలిపి పంపితే బూజు పడతాయి. పొడిబియ్యంలో పసుపు, రెండు చుక్కల నెయ్యి వేసి నలుపు.

వీలైతే చించినాడ వంతెన దాటి అయినవిల్లి వెళ్లి, వాడి గోత్రం, నక్షత్రం చెప్పి అర్చన చేయించు. చదువుకునే పిల్లల కోసం ఆ వినాయకుడికి కలాలతో అర్చన చేసే ఊరది. కుంకుమ కాగితంలో మడిచి అదే పెట్టెలో వెయ్యి. తిథి ప్రకారం పుట్టినరోజు ఏటా పదకొండు రోజులు వెనక్కో, అధికమాసం వస్తే ముందుకో జరుగుతుంది. తిథి నాడు ఇంట్లో పూజ చెయ్యి, వాడితో మాత్రం 20నే జరుపు. రెండూ ఒకే రోజున కలపాలని చూడకు.

పెట్టెలో ఖాళీ ఉంటే పాత కాగితాలు ఉండచుట్టి కుక్కు. ఊపి చూస్తే లోపల చప్పుడు రాకూడదు. చిరునామాలో హాస్టలు పేరు, గది నంబరు, 247667 పిన్, వాడి ఫోను నంబరు, నీ నంబరు. పై చీటీ తడిసినా దారి తప్పకుండా లోపల కూడా ఇదే రాసిన కాగితం ఒకటి పెట్టు. రశీదు మీది పదమూడక్షరాల నంబరు వాడికి పంపు.

కేకు రూర్కీలోనే ఏదైనా బేకరీకి చెప్పు, కిలో చాలు. ఫోను నంబరు వాడి స్నేహితుడిది ఇవ్వు, గేటు దగ్గర అందుకునేది అతనే. అర్ధరాత్రి ఫోను చెయ్యకు, ఆ వేళ స్నేహితులది. తెల్లారి అయిదింటికీ వద్దు, అక్కడ ఏడు దాటాకే పొద్దు పొడుస్తుంది, వాడు దుప్పట్లోంచి లేవడు. ఎనిమిదింటికి మా తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వీడియో కాల్ చెయ్యి. పాలు తాగడం, అక్షింతలు వేసుకోవడం అప్పుడు మీ కళ్లముందే జరుగుతాయి. స్వెట్టరు ఇక్కడ కొనకు, మన చలికి కుట్టినవి అక్కడ ఆగవు. ఆ డబ్బు వాడికే పంపు, డిసెంబరులోనే కొనుక్కుంటాడు.

బియ్యం 6వ తారీకు పొద్దున్నే నానబెట్టు. 7న మర, వంట, 8న పెట్టె కట్టడం. బెల్లం మాత్రం ఇప్పుడే కొనిపెట్టుకో, పండగ దగ్గరపడితే మంచిది దొరకదు.

మీ వదిన