దగ్గే పిల్లిని డాక్టరుకు ఎప్పుడు చూపించాలి: మేనకోడలికి ఒక లేఖ

శ్రీకాకుళం

చిరంజీవి సుజాతకు మామయ్య ఆశీస్సులు.

మీ పిల్లి కొన్నాళ్ళుగా ఉండుండి దగ్గుతోందని, తిండి మాత్రం తింటూనే ఉందని, దీనికోసం డాక్టరు దగ్గరకు వెళ్ళడం అవసరమా అని అడుగుతూ నీవు రాసిన ఉత్తరం అందింది. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉన్నన్నాళ్ళూ ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. మనుషులకూ కుక్కలకూ వచ్చి పోయినంత మామూలుగా పిల్లికి దగ్గు రాదు కనుక, పదే పదే దగ్గే పిల్లిని చూపించి తీరవలసిందే. నీవు తేల్చుకోవలసిందల్లా ఈ పూటే బయలుదేరాలా, రేపా, లేక ఈ వారంలో వీలు చూసుకుని వెళ్ళవచ్చా అన్నదే.

అది నిజంగా దగ్గేనా అన్నది ముందు రూఢి చేసుకోవాలి. పిల్లి ఒళ్ళు నాక్కుంటూ మింగిన వెంట్రుకలు కడుపులో ఉండ కడితే, దానిని కక్కడానికి అది పడే అవస్థ చూసేవారికి దగ్గులాగే కనిపిస్తుంది. కక్కేటప్పుడు పొట్ట గట్టిగా కదులుతుంది, నోరు తెరుచుకుంటుంది, చొంగ కారుతుంది, చివరకు పొడవాటి వెంట్రుకల ఉండో, పసరో, తిన్న అన్నమో బయట పడుతుంది. దగ్గేటప్పుడైతే పిల్లి నేలకు బాగా వంగి కూర్చుని, మెడను ముందుకు చాచి, ముంగాళ్ళ మోచేతులను కొంచెం ఎడంగా పెట్టి, ఛాతీలోంచి వచ్చే పొడి చప్పుడు వరుసగా చేస్తుంది. ఆగాక ఒక గుటక వేస్తుంది, కింద ఏమీ పడదు. ఉబ్బసమున్న పిల్లిని వెంట్రుకలు అడ్డుపడ్డాయనుకుని నెలల తరబడి వదిలేసిన ఇళ్ళు నేను చాలా చూశాను. మీ పిల్లి ఏమీ కక్కడం లేదని రాశావు కనుక ఇది దగ్గేనని అనుకుంటున్నాను. ఈసారి దగ్గినప్పుడు ఫోనులో వీడియో తీసి ఉంచు. డాక్టరు బల్ల మీద కూర్చున్న పిల్లి భయంతో బిగుసుకుపోయి ఒక్కసారైనా దగ్గదు. ఆ వీడియో లేకపోతే ఆయనకు నీ మాట తప్ప ఆధారం ఉండదు.

తరువాత చేయవలసిన పని చాలా ముఖ్యం, కానీ నూటికి తొంభైమంది చేయరు. దగ్గు ఎంత గట్టిగా ఉందో చూసి భయపడతారు గాని, దగ్గుకూ దగ్గుకూ మధ్య పిల్లి ఊపిరి ఎలా ఉందో చూడరు. పిల్లి గాఢంగా నిద్రపోతున్నప్పుడు దూరంగా కూర్చుని డొక్క ఎన్నిసార్లు లేచి దిగుతోందో గడియారం పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టు. లేచి దిగడం రెండూ కలిపి ఒక శ్వాస. ఆడిన వెంటనే గాని, ఎండలోంచి వచ్చిన వెంటనే గాని, గురగురలాడుతున్నప్పుడు గాని లెక్కపెడితే ప్రయోజనం లేదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి నిద్రలో నిమిషానికి 15 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది. పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాయి. నిద్రలో కూడా పదే పదే 30 దాటుతుంటే తెల్లవారగానే బయలుదేరాలి. 40 దాటితే తెల్లవారేదాకా కూడా ఆగకూడదు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిన పిల్లి ఒక్కసారి కూడా దగ్గకుండానే ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. గుండెజబ్బు కూడా కుక్కలో దగ్గుగా బయట పడినట్లు పిల్లిలో సాధారణంగా పడదు, శ్వాస వేగంగానే కనిపిస్తుంది. అందుకే ఈ లెక్క మీద నాకు అంత నమ్మకం.

లెక్కతో పని లేకుండా, అర్ధరాత్రి అయినా సరే వెంటనే కదలవలసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. పిల్లి కుక్కలా నోరు తెరిచి రొప్పుతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పడుకోలేక మెడ చాచుకుని కూర్చుండిపోయినా, చిగుళ్ళు గులాబీరంగు పోయి తెల్లగానో నీలంగానో కనిపించినా, వెనక కాళ్ళు హఠాత్తుగా పడిపోయినా నాకు ఫోను చేయడానికి కూడా ఆగవద్దు. అటువంటి పిల్లిని గట్టిగా అదిమి పట్టుకోకూడదు, నోట్లో నీళ్ళు పోయకూడదు. ఆ పెనుగులాటలోనే ప్రాణం పోవచ్చు. ఇవేవీ లేకపోయినా ఒక రోజంతా తిండి మానేసినా, ముక్కు నుంచి చిక్కటి పచ్చని చీమిడి కారుతున్నా, దగ్గులో నెత్తురు కనిపించినా ఒకటి రెండు రోజుల్లో చూపించాలి. కూనలైతే అంత కూడా ఆగలేవు.

మీ పిల్లి తింటోంది, ఆడుతోంది కనుక ఈ గుర్తులు ఇప్పుడు లేవనే అనుకుంటాను. అయినా తగ్గని దగ్గుకు కారణం వెతకాలి. పిల్లుల్లో దీర్ఘకాలపు దగ్గుకు తరచుగా కనిపించే కారణం ఉబ్బసం. రెండోది ఊపిరితిత్తుల్లో చేరే ఒక రకం పురుగు. నత్తలను, లేదా వాటిని తిన్న ఎలుకలు, బల్లులు, పిట్టలను పిల్లి తిన్నప్పుడు ఇది పడుతుంది. ఉద్దానం తోటల్లో తిరిగి వేటాడే పిల్లికి ఆ అవకాశం ఉంది. మామూలుగా వేసే నులిపురుగుల మందుల్లో చాలావాటికి ఈ పురుగు లొంగదు కనుక, మొన్ననే మందు వేశాము కదా అని ధీమాగా ఉండవద్దు; పిల్లి వేటాడుతుందని చెప్పి, పెంట పరీక్ష చేయించమని డాక్టరును అడుగు.

మీ కాశీబుగ్గలో పొగ సంగతి కూడా ఆలోచించాలి. జీడిపిక్కలు కాల్చే బట్టీల పొగ మన కళ్ళనే మండిస్తుంది. చిన్న జంతువు ఊపిరితిత్తులను అది ఇంకా ఎక్కువ బాధించవచ్చు. దానికి తోడు ఇంట్లో దోమల చక్రం, అగరుబత్తి, శుక్రవారం సాంబ్రాణి, శీతాకాలంలో మూసిన తలుపులు. ఇవన్నీ కొన్నాళ్ళు మానేసి, పిల్లి పడుకునే గదికి గాలి ఆడనిచ్చి, దోమతెర కట్టుకుని చూడు. దగ్గు తగ్గితే ఆ మాట కూడా డాక్టరుకు ఉపయోగపడుతుంది; కానీ తగ్గింది కదా అని చూపించడం మానుకోవద్దు.

ఇక చేతికందిన మందు వేయడం గురించి. మనుషుల దగ్గుమందు ఒక్క చుక్క కూడా పోయవద్దు. పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయడానికి చాలు. దానిని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు, దానివల్ల నెత్తురు ఆక్సిజన్‌ను మోయలేక చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి. జలుబు మందుల్లోనూ దగ్గు సిరప్‌లలోనూ తరచుగా అదే కలిసి ఉంటుంది. కర్పూరం, నీలగిరి తైలం, ఛాతీకి రాసుకునే బామ్‌లు కూడా పిల్లికి విషమే, ఎందుకంటే ఒంటికి రాసినదంతా అది నాకేస్తుంది. అక్కయ్య ప్రేమ కొద్దీ అల్లం కషాయం పట్టిస్తానంటుందేమో, వారించు. బలవంతంగా పోసినది ఊపిరితిత్తుల్లోకి పోతే కొత్త జబ్బు మొదలవుతుంది.

ఇంకొక మాట. చేపముల్లు గుచ్చుకుందేమోనని పిల్లి నోట్లో వేలు పెట్టే అలవాటు మన వైపు ఉంది. పిచ్చి, అంటే రేబిస్, సోకిన పిల్లి కూడా మింగలేక చొంగ కారుస్తూ, గొంతులో ఏదో అడ్డుపడినట్లే కనిపిస్తుంది. మీ పిల్లికి ఆ టీకా వేయించి ఉండకపోతే, చొంగ కారుతూ గొంతు మారిన రోజున చేయి పెట్టవద్దు, పిల్లలను దగ్గరకు రానివ్వవద్దు. పొరపాటున కరిచినా గీరినా సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి సూది వేయించుకోవాలి.

ముందు మీ ఊరి పశువుల ఆసుపత్రిలోనే చూపించు. 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార వాహనం ప్రధానంగా పాడిపశువుల కోసం ఉద్దేశించినది కనుక, దాని మీదే ఆధారపడి కూర్చోవద్దు. ఎక్స్‌రే కావాలని డాక్టరు అంటే విశాఖపట్నం వెళ్ళవలసి రావచ్చు. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల కూడా ఉంది, వెళ్ళే ముందు ఫోనులో కనుక్కోవాలి. ప్రయాణానికి గోనెసంచి వాడవద్దు, అందులోని నూగు దగ్గును పెంచుతుంది. గాలి ఆడే మూతబుట్టలో అది రోజూ పడుకునే గుడ్డ పరిచి, పైన పలుచని చీర ముక్క కప్పితే బెదరదు. ఉబ్బసమని తేలితే చిన్నపిల్లలకు వాడినట్లే ముఖానికి మాస్కు పెట్టి పీల్పించే మందు రాయవచ్చు. అలవాటు చేస్తే పిల్లులు దానికి ఒప్పుకుంటాయి. దగ్గు ఆగగానే మందు ఆపితే లోపలి వాపు అలాగే ఉండిపోతుంది, కనుక ఎప్పుడు తగ్గించాలో ఆయన్నే చెప్పనివ్వు.

ఈ రాత్రి నుంచే ఊపిరి లెక్క మొదలుపెట్టి, రేపు సాయంత్రం ఆ అంకెలు నాకు ఫోనులో చెప్పు. అన్నీ 30 లోపే ఉంటే ఈ వారంలో మీకు వీలైన రోజున వెళ్ళండి; ఒక్కటి 30 దాటినా ఎల్లుండి పొద్దున్నే ఆసుపత్రి తెరిచే వేళకు అక్కడ ఉండండి. 40 దాటితే మాత్రం నా ఫోను కోసం ఆగకుండా అప్పుడే బయలుదేరండి.

ఇట్లు,
మీ మామయ్య