భారత సైన్యంలో అన్నిటికన్నా పెద్ద ర్యాంకు ఏది?

పరీక్ష కోసం అడిగితే జవాబు ఫీల్డ్ మార్షల్. ఐదు నక్షత్రాల హోదా, రిటైర్మెంట్ ఉండదు. ఇప్పటిదాకా ఇద్దరికే దక్కింది, 1973లో మానెక్‌షాకు, 1986లో కరియప్పకు. కొలువులో ఉన్నోళ్లల్ల జనరలే పెద్ద. 2020లో బిపిన్ రావత్‌తో మొదలైన సీడీఎస్ (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్) పదవి కూడా నాలుగు నక్షత్రాలదే. దాన్ని ఐదో నక్షత్రం అనుకునేటోళ్లు శానామంది ఉన్నరు, అది తప్పు. మన తెలుగాయన జనరల్ కె.వి. కృష్ణారావు గారు 1981 నుంచి 1983 దాకా సైన్యాధిపతిగా చేసిన్రు, ఆ సంగతి కూడా మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

కానీ నన్నడిగితే అసలు పెద్ద ర్యాంకు సుబేదార్ మేజర్. సిపాయిగా చేరి లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్, నాయబ్ సుబేదార్, సుబేదార్ అనుకుంట ఒక్కో మెట్టు ఎక్కినోడు చేరుకునే కొస అది. బెటాలియన్‌కు ఒక్కడే ఉంటడు. కమాండింగ్ ఆఫీసర్ కూడా ఆయన్ని 'సాబ్' అనే పిలుస్తడు.

మా బాపు సుబేదార్ మేజర్. మాది పరకాల దగ్గర ఊరు. నేను పదో తరగతిల ఉన్నప్పుడు సెలవు మీద వచ్చిండు. పంద్రాగస్టుకు మా బడిల జెండా ఎగరేయనీకి పిలిచిన్రు. ముందు రోజు రాత్రి అమ్మ బొగ్గుల ఇస్త్రీపెట్టెతోని యూనిఫాం ఇస్త్రీ చేస్తుంటే, బాపు భుజం మీద పెట్టుకునే సింహాల ముద్రను పాత బనీను ముక్కతోని అరగంట తుడిచిండు. దాని కింద ఎరుపు, పసుపు, ఎరుపు పట్టీ ఉంటది. దాన్ని బొటనవేలితోని సాపు చేసి పక్కన పెట్టిండు.

పొద్దున హెడ్మాస్టరు సారు మైకుల "మన ఊరి మేజర్ గారు" అన్నడు. మేజర్ అంటే ఆఫీసర్ ర్యాంకు, సుబేదార్ మేజర్ కంటె పైది. నాకు మస్తు సంబురమైంది. బాపు మైకు తీసుకొని, "నేను మేజర్‌ను కాదు సార్, సుబేదార్ మేజర్‌ను" అన్నడు. ముందు వరుసల కూసున్న పిల్లల కాడికి పోయి భుజం వంచి చూపెట్టిండు. "మేజర్‌కు సుత గివే సింహాలుంటయి బిడ్డా. గీ పట్టీ ఉండదు. నేను సిపాయిగ చేరిన. గీ పట్టీ మీదికి సింహాలు రానీకి ఇరవై ఎనిమిదేండ్లు పట్టింది."

నాకు సిగ్గయింది. మేజర్ అంటే ఊకుంటే ఏం పోయేదని ఇంటికొచ్చి అమ్మతోని కొట్లాడిన. అది యాదికొస్తే ఇప్పటికీ పానం సివుక్కుమంటది.

2020 జూన్‌ల లద్దాఖ్ గల్వాన్ లోయల చైనా సైన్యంతోని కొట్లాటల సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు అమరుడైతే మన జిల్లాలన్నీ ఏడ్చినయి. ఆయనకు మహావీర్ చక్ర ఇచ్చిన్రు. ఆయన 16 బిహార్ బెటాలియన్‌లనే ఉండి, ఆ కొట్లాటలనే పానమిచ్చిన నాయబ్ సుబేదార్ నుదూరాం సోరెన్ పేరు మనల ఎంతమందికి ఎరుక? ఆయనకూ వీర్ చక్ర వచ్చింది.

హన్మకొండ జేఎన్ఎస్ స్టేడియంల తెల్లారకముందే ఉరికే పిలగాండ్లను చూస్తే నాకు ఇదే రంది. 2022ల అగ్నిపథ్ (నాలుగేండ్లకే సిపాయిలను తీసుకునే పథకం) వచ్చినంక నాలుగేండ్లకు నూటికి 25 మంది కంటె ఎక్కువ ఉంచుకోరు. ఇగ ఇరవై ఎనిమిదేండ్లు ఒక్క బెటాలియన్ల నానినోడు ఎక్కడ దొరుకుతడు? జనరల్‌ను అకాడమీ తయారు చేస్తది, సుబేదార్ మేజర్‌ను తయారు చేసే అకాడమీ లేదు.

మొన్న ఆ స్టేడియంలనే ఒక పిలగాడు "అన్నా, సుబేదార్ మేజర్ అంటే మేజర్ కంటె పెద్దనా, చిన్ననా?" అని అడిగిండు. ఇంటికి తోల్కవోయి సందూకుల నుంచి బాపు యూనిఫాం తీసి, ఆ పట్టీ చూపెట్టిన.