చెవికి ఆపరేషన్ అయితే నాలుకకు రుచి ఎందుకు తగ్గింది?

ప్రశ్న: నా వయసు 43 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ ఎడమ చెవిలో చీము కారుతుండేది. రెండు నెలల కిందట కర్ణభేరికి ఆపరేషన్ చేశారు. చీము ఆగింది, వినికిడి కూడా మెరుగుపడింది. కానీ అప్పటి నుంచి నాలుక ఎడమ అంచు మొద్దుబారినట్టుగా, రాగి చెంబు నాకినట్టుగా ఉంటోంది. పప్పుచారులో ఉప్పు సరిపోయిందో లేదో తెలియక మా అమ్మాయిని పిలిచి రుచి చూడమంటున్నాను. చెవికీ నాలుకకూ సంబంధం ఉంటుందా? ఇది తగ్గుతుందా?

జవాబు: సంబంధం ఉందండీ. నాలుక ముందువైపు మూడింట రెండు వంతుల భాగం నుంచి రుచిని మెదడుకు చేరవేసే ‘కార్డా టింపానీ’ అనే సన్నని నరం మధ్యచెవి గుండానే వెళుతుంది. ముఖ కండరాలను కదిలించే ఏడో కపాల నరానికి ఇది ఒక శాఖ. కర్ణభేరికి సరిగ్గా వెనక, కూటకం, దాగలి అనే చిన్న ఎముకల మధ్య నుంచి, పైన ఎముక కప్పేమీ లేకుండా దారప్పోగులా సాగే ఈ నరాన్ని, కర్ణభేరిని పైకెత్తి లోపలి జబ్బును శుభ్రం చేసే సమయంలో కాస్త పక్కకు జరపక తప్పని సందర్భాలు చాలా ఉంటాయి. ఆ లాగుడుకో, తడి ఆరిపోవడానికో నరం దెబ్బతింటే మీరు చెప్పిన లక్షణాలే కనిపిస్తాయి. ఇది ఆపరేషన్ సరిగా జరగలేదనడానికి గుర్తు కాదు. అయితే ఈ అవకాశం ఉందని ముందే చెప్పి ఉంటే మీకు ఇంత కంగారు ఉండేది కాదు.

ఏళ్ల తరబడి చీము కారే చెవిలో ఈ నరం ఆపరేషన్‌కు ముందే కొంత మందగించి ఉండవచ్చు. ఆ మార్పు నెమ్మదిగా రావడం వల్లా, రెండో వైపు నరం, నాలుక వెనక భాగపు నరం పని చేస్తూ ఉండడం వల్లా చాలామంది దాన్ని గమనించరు. అదే ఓటోస్క్లెరోసిస్ (మధ్యచెవిలోని స్టేపిస్ అనే చిన్న ఎముక బిగుసుకుపోయి వినికిడి తగ్గడం) వంటి సమస్యకు చేసే స్టేపిస్ ఆపరేషన్‌లో అప్పటిదాకా బాగున్న నరం కదులుతుంది కాబట్టి తేడా వెంటనే తెలుస్తుంది. విచిత్రమేమిటంటే, పూర్తిగా తెగిన నరం కంటే సాగిన నరమే ఒక్కోసారి ఈ లోహపు రుచితో ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఎక్కువ మందిలో ఇది కొన్ని నెలల్లో, కొందరిలో ఏడాది వరకు పట్టి తగ్గుతుంది. రెండు నెలలకే నిరాశ పడనక్కర్లేదు. నరాన్ని కాపాడారా, లేక కొలెస్టియటోమా (మధ్యచెవిలో చర్మం గడ్డలా పెరిగి చుట్టూ ఉన్న ఎముకను తినేయడం) వంటి జబ్బు చుట్టుకోవడంతో తీసివేయాల్సి వచ్చిందా అన్నది మీ సర్జన్‌ను అడగండి. తీసివేసినా క్రమంగా మెదడు సర్దుకుంటుంది.

రుచి తెలియడం లేదని ఉప్పు పెంచకండి. బీపీ ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. కొలిచిన చెంచాతోనే ఉప్పు వేసుకోండి. ఈ నరం లాలాజల గ్రంథులకు కూడా సంకేతాలు అందిస్తుంది కాబట్టి నోరు ఎండుతుంటే తరచుగా నీళ్లు తాగండి, పళ్ల శుభ్రత చూసుకోండి. ముఖం ఒక వైపు వంకర తిరిగినా, కళ్లు తిరిగినా, మళ్లీ చీము వచ్చినా వెంటనే ఈఎన్‌టీ వైద్యుణ్ని కలవండి. ఎప్పుడైనా కుడి చెవికి కూడా ఆపరేషన్ అవసరమైతే, ఎడమ వైపు రుచి ఎంతవరకు తిరిగి వచ్చిందో సర్జన్‌కు ముందుగానే చెప్పండి.