మీటింగ్‌లో నోరు తెరవగానే గుండె దడ... ధైర్యానికి గోలీ ఉందా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది పరకాల దగ్గర పల్లె. హన్మకొండలో ఒక ప్రైవేటు కంపెనీలో 14 నెలల నుంచి పనిచేస్తున్న. ప్రతి సోమవారం పొద్దున 11 గంటలకు హైదరాబాద్, బెంగళూరు వాళ్లతో ఆన్‌లైన్ మీటింగ్ ఉంటది. నా పేరు పిలిచేసరికి గుండె దడదడ కొట్టుకుంటది, గొంతు ఎండిపోతది, చేతులు వణుకుతయి. తెలిసిన విషయం కూడా యాదికి రాదు. ఇంగ్లిష్ చదువుత, రాస్త, కానీ మాట్లాడాలంటే నోరు రాదు. తెలుగులో మాట్లాడితే ఒక కొలీగ్ నా యాసను అనుకరించి అందరినీ నవ్విస్తడు. గత మూడు నెలల్లో నాలుగు సోమవారాలు లీవ్ పెట్టిన. ఫ్రెండ్ ప్రొప్రనొలాల్ 40 ఎంజీ గోలీలు ఇచ్చి మీటింగ్‌కు ముందు ఒకటి వేసుకొమ్మంది. ఇంకా వేసుకోలేదు. చిన్నప్పటి నుంచి చలికాలంలో పిల్లికూతలు వస్తయి, ఇన్‌హేలర్ వాడుత. రోజుకు ఐదారు చాయ్‌లు తాగుత. ఆ గోలీ వేసుకోవచ్చా? ధైర్యం పెరిగే టానిక్ ఏమన్నా ఉందా? ఇంగ్లిష్ కోచింగ్‌లో చేరాల్నా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ జిల్లా

జవాబు: ముందు గోలీ సంగతి. మీరు దాన్ని వేసుకోవద్దు. ఒక్కటి కూడా వద్దు. ఇన్‌హేలర్ మాట మీరు ప్రశ్న చివర్లో రాశారు కానీ, నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. మీరు చెప్పిన పిల్లికూతలు, ఇన్‌హేలర్ ఆస్తమా గుర్తులు.

ప్రొప్రనొలాల్ ఆడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకునే మందు. గుండె వేగం తగ్గుతుంది, చేతి వణుకు తగ్గుతుంది. అయితే ఊపిరి గొట్టాలను తెరిచి ఉంచే గ్రాహకాలను కూడా అది మూసేస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లలో గొట్టాలు ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంది. ఆయాసం వచ్చి సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పీల్చినా అది సరిగా పనిచేయకపోవచ్చు. ఇన్‌హేలర్ ఏ తలుపు తట్టి లోపలికి పోవాలో ఆ తలుపుకే ఈ గోలీ తాళం వేసి ఉంటుంది.

ఆస్తమా లేనివాళ్లకు, స్టేజీ మీద మాట్లాడే ముందో ఇంటర్వ్యూ ముందో, డాక్టర్లు దీన్ని 10 నుంచి 40 ఎంజీ వరకు ఇస్తుంటారు. అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. అదీ బీపీ, నాడి చూశాకే. మొదటిసారి సెలవు రోజున ఇంట్లో వేసుకుని ఎలా ఉందో చూసుకోవాలి. నాడి నెమ్మదిగా ఉన్నవాళ్లకు, బీపీ తక్కువగా ఉండేవాళ్లకు పనికిరాదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లలో షుగర్ పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు బయటపడకుండా దాచేస్తుంది. అన్నీ సరిపోయినా అది ఒంటి మీదే పనిచేస్తుంది, మనసులోని భయం అలాగే ఉంటుంది. ఇంకో ఫ్రెండ్ ఆందోళన తగ్గించే అల్ప్రజొలాం గోలీ ఇస్తే అదీ తీసుకోకండి. మగత వస్తుంది, మాట తడబడుతుంది, కొన్ని వారాల్లోనే అలవాటైపోతుంది.

ధైర్యానికి టానిక్ లేదు. రక్తం తక్కువుంటే ఐరన్, బి12 తక్కువుంటే బి12. లోపం లేనివాళ్లు వాటిని తాగితే మెడికల్ షాపుకే లాభం.

ఇక మీ ఇబ్బంది. నలుగురూ మనల్నే చూస్తారు, తప్పు పడతారు అనే భయం ఆరు నెలలకు పైగా ఉండి, పనిని గానీ రోజువారీ బతుకును గానీ దెబ్బతీస్తుంటే దాన్ని సోషల్ యాంగ్జైటీ అంటాం. సిగ్గు, బిడియం వేరు. బిడియం ఉన్న మనిషి మీటింగ్‌కు వస్తుంది, కాస్త తక్కువ మాట్లాడుతుంది. మీరు మూడు నెలల్లో నాలుగు సోమవారాలు మానేశారు. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోలేను.

అయితే మనసు పేరు పెట్టే ముందు ఒంటిని ఒకసారి చూసుకోవాలి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా, రక్తం తక్కువున్నా దడ, వణుకు ఇలాగే ఉంటాయి. ఆదివారం తీరిగ్గా ఉన్నప్పుడు రెండు చేతులు ముందుకు చాపి, వేళ్లు విడదీసి, వాటి మీద ఒక తెల్ల కాగితం పెట్టండి. ఏ భయమూ లేనప్పుడు కూడా కాగితం అంచు సన్నగా వణుకుతుంటే, ఆకలి బాగున్నా బరువు తగ్గుతుంటే, వేడి అసలు ఓర్చుకోలేకపోతుంటే థైరాయిడ్‌ను అనుమానించాలి. థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, రక్తానికి హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించండి. కూర్చున్నచోటే దడ వస్తుంటే, కళ్లు తిరిగి పడిపోతే, మెట్లు ఎక్కినప్పుడు ఛాతీలో నొప్పి వస్తే ఈసీజీ తీయించాలి. దడ సోమవారం 11 గంటలకే వస్తూ మంగళవారం మాయమైతే ఆ తప్పు గుండెది కాదు.

చాయ్ విషయం కూడా చెప్పాలి. ఒంట్లోకి చేరిన కెఫీన్‌లో సగం పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. పొద్దున టిఫిన్ మానేసి మూడు చాయ్‌లు తాగి మీటింగ్‌లో కూర్చుంటే, భయం రాకముందే గుండె సగం పరుగులో ఉంటుంది. ఆ రోజు లేవగానే ఒక్క చాయ్‌తో ఆపేయండి. ఇడ్లీనో ఉప్మానో, రాత్రి మిగిలిన సర్వపిండి ముక్కైనా సరే, ఏదో ఒకటి తినే వెళ్లండి. మిగతా రోజుల్లో చాయ్‌ను రెండుకు తేవడానికి రెండు వారాలు తీసుకోండి. ఒకేసారి మానేస్తే తలనొప్పి వస్తుంది.

పేరు పిలవగానే తెలిసినదంతా ఎందుకు ఎగిరిపోతుంది? ఆ క్షణంలో మెదడు దాన్ని ఆపదగా లెక్కగట్టి ఆడ్రినలిన్ వదులుతుంది. గుండె వేగం పెరుగుతుంది, నోట్లో లాలాజలం తగ్గుతుంది. పదాలను వెతికి వరుసలో పెట్టే పని మెదడుకు అప్పుడు రెండో పని అయిపోతుంది. అందుకే కాగితం మీద ఇంగ్లిష్ బాగా రాసే మీకు నోట్లోంచి రాదు. మీకు వచ్చిన ఇంగ్లిష్ ఎక్కడికీ పోలేదు, దాన్ని పిలిచే దారికి అడ్డం పడింది. కోచింగ్‌లో గ్రామర్ మళ్లీ మొదటి నుంచి చెబితే ఈ అడ్డం తొలగదు. నలుగురి ముందు లేపి మాట్లాడించే చోటైతే చేరండి, నోట్సు రాయించే చోటైతే ఆ డబ్బు మిగుల్చుకోండి.

భయం తగ్గడానికని మీరు చేసే కొన్ని పనులే భయాన్ని పోషిస్తుంటాయి. మీరు రాయలేదు కానీ ఈ ఇబ్బంది ఉన్నవాళ్లు సాధారణంగా చేసేవి ఇవి: చెప్పాల్సింది మొత్తం కాగితం మీద రాసుకుని గబగబా చదివేయడం, కెమెరా ఆపేయడం, ప్రతి మాటకు ముందు ‘సారీ’ అనడం, పక్కవాళ్లు మాట్లాడుతున్నంతసేపూ తమ వాక్యాన్ని లోపల వల్లించుకోవడం. ఈ చివరిది మరీ చెడ్డది. వల్లించుకుంటూ ఉండగా అడిగిన ప్రశ్న చెవిన పడదు. జవాబు అతకదు. ‘చూశావా, నాకు రాదు’ అని మనసు మళ్లీ రాసిపెట్టుకుంటుంది. ఒకవేళ మీటింగ్ బాగా జరిగినా, ‘కెమెరా లేదు కాబట్టి గట్టెక్కిన’ అనిపిస్తుంది తప్ప ‘నేను మాట్లాడిన’ అనిపించదు.

కాబట్టి మొత్తం రాసుకోకండి. చిన్న చిట్టీ మీద మూడే మాటలు ఉండాలి: ఏం అయింది, ఎక్కడ ఆగింది, ఏం కావాలి. నిమిషం మాటకు ఇది చాలు. ఇంగ్లిష్‌లో మామూలుగా మాట్లాడేవాళ్లు నిమిషానికి సుమారు 150 పదాలు పలుకుతారు. భయంలో ఉన్నవాళ్లు దాన్ని దాటిపోతారు, ఊపిరి అందదు, గొంతు వణుకుతుంది. ఇంగ్లిష్ పేపర్లో 130 పదాల ముక్క ఒకటి గీత పెట్టుకుని, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, సరిగ్గా నిమిషానికి అయ్యేలా బయటికి చదవండి. రోజుకు మూడుసార్లు, పది రోజులు. మొదట మరీ సాగదీసినట్టు అనిపిస్తుంది. రికార్డు చేసి వినండి, వినేవాళ్లకు అది సాగదీత కాదని తెలుస్తుంది. వినే ముందు ‘నా గొంతు ఎంత వణికింది’ అని పదికి మార్కులు వేసుకోండి, విన్నాక మళ్లీ వేయండి. చాలామందికి రెండో అంకె తగ్గుతుంది. లోపలి వణుకు మనకు తెలిసినంతగా బయటివాళ్లకు తెలియదు.

ఊపిరి సాధన మీ విషయంలో కాస్త జాగ్రత్తగా చేయాలి. నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో లోపలికి, ఆరు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా బయటికి. అంటే నిమిషానికి ఆరు ఊపిరులు. రోజూ రెండు పూటలా ఐదేసి నిమిషాలు, ప్రశాంతంగా ఉన్నప్పుడు చేయండి. నేర్చుకోకుండా నేరుగా మీటింగ్‌లో మొదలుపెడితే పనిచేయదు. ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అని చెప్పేవాళ్ల మాట వినకండి. పెద్దపెద్ద ఊపిరులు వరుసగా తీస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, వేళ్లు, పెదవులు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. దాన్నే మళ్లీ భయం అనుకుంటారు. ఊపిరి వదిలేటప్పుడు కూత వినిపిస్తుంటే, దగ్గు ఉంటే, రాత్రి నిద్రలేపుతుంటే అది భయం కాదు, ఆస్తమా. ఇన్‌హేలర్ పీల్చాల్సిందే. పీల్చిన కాసేపటికి సాల్బుటమాల్ వల్ల కూడా కొందరికి చేతులు వణుకుతాయి, దడ వస్తుంది. మీటింగ్‌కు ముందు అది వాడుతుంటే ఈ సంగతి గుర్తుంచుకోండి. వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ అవసరం పడుతుంటే ఆస్తమా అదుపులో లేనట్టే. ఛాతీ డాక్టరును ముందు కలవండి.

అసలు చికిత్స మెట్లు ఎక్కడం. భయపెట్టే పనులు ఒక పది రాసుకుని, ఎంత భయమో ఒక్కోదానికి 0 నుంచి 100 వరకు అంకె వేయండి. 30 దగ్గర ఉన్నదానితో మొదలు. ఉదాహరణకు, పరకాల బస్సులో వెనక సీట్లోంచి కండక్టరును ‘ములుగు రోడ్డు దగ్గర ఆపుతరా?’ అని అందరికీ వినపడేలా అడగడం. చౌరస్తాలో బట్టల దుకాణంలో నాలుగు చీరలు తీయించి, కొనకుండా ‘మళ్లొస్త’ అని బయటికి రావడం (ఇది చాలామందికి 50 దాకా ఉంటుంది, నవ్వకండి). వాట్సాప్‌లో పెట్టాల్సిన మాటను ఫోన్ చేసి చెప్పడం. మీటింగ్ మొదటి రెండు నిమిషాల్లోనే ‘గుడ్ మార్నింగ్’ అనో, ‘ఆడియో వస్తుందా’ అనో ఒక్క మాట అనడం. ఎంతసేపు మౌనంగా ఉంటే మొదటి మాట అంత బరువవుతుంది. తర్వాత కెమెరా పెట్టి నిమిషం మాట. ఆ తర్వాత ఒక ప్రశ్న అడగడం. చివరి మెట్టు, మేనేజర్ చెప్పినదానితో ఒప్పుకోకపోవడం.

ఒక్కో మెట్టును కనీసం నాలుగైదు సార్లు చేయండి, అంకె సగానికి దిగేదాకా. వారానికి ఒక్కసారి చేస్తే లాభం లేదు, ఐదు రోజులు ఉండాలి. భయం బాగా పెరిగినప్పుడు మధ్యలో లేచిపోకూడదు. అప్పుడు లేచిపోతే ‘తప్పించుకున్నందుకే బతికిన’ అని మెదడు నేర్చుకుంటుంది. సోమవారం లీవ్ పెట్టడం కూడా ఇదే. మొదటి రెండు మూడు వారాలు అంకెలు పెద్దగా మారవు. ఎక్కువమంది వదిలేసేది అక్కడే.

మాట మధ్యలో ఆగిపోతే ఏం చేయాలో ముందే పెట్టుకోండి. మూడు సెకన్ల మౌనం మీకు యుగంలా ఉంటుంది, వినేవాళ్లు గమనించరు. ప్రశ్నను తిరిగి చెప్పండి: ‘మీరు అడిగింది డెలివరీ తేదీ గురించే కదా?’ జవాబు తెలియకపోతే, ‘చూసి నాలుగు గంటలకల్లా చెప్తాను’. ఈ రెండు వాక్యాలను ఇంగ్లిష్‌లో నోటికి వచ్చేలా పెట్టుకోండి.

మన దగ్గర పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో నోరెత్తని పిల్లను బుద్ధిమంతురాలంటారు. బడిలో కూడా అంతే, అడిగితేనే చెప్పాలి. ఆ మర్యాద ఇంట్లో మంచిదే. ఆఫీసులో మాత్రం మౌనాన్ని మర్యాదగా చదివేవాళ్లు ఉండరు, అభిప్రాయం లేదనుకుంటారు. ‘సార్, ఒక్క నిమిషం, దీని మీద ఒక మాట’ అంటే మర్యాదా నిలుస్తుంది, మాటా పడుతుంది. పిలుపు కోసం చూడకండి.

యాస గురించి. ‘గట్ల’, ‘ఇగ’, ‘యాది’ అనడం తప్పు తెలుగు కాదు. మన జనం మాటకు జీవితమంతా నిలబడ్డ కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని రాష్ట్రం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతోంది, వరంగల్‌లోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికీ ఆయన పేరే ఉంది. అయినా మీరు ఒక్కో మాటను తూకం వేసి పలుకుతున్నారంటే కారణం ఆ కొలీగ్. అది మీ జబ్బు కాదు, దానికి మీరు మందు వేసుకోవాల్సిన పని లేదు. అతనితో మీటింగ్‌లో కాకుండా విడిగా ఒకసారి చెప్పండి: ‘సోమవారం మీరు నా మాటను అనుకరించారు. నాకు ఇబ్బందిగా ఉంది. ఇక చేయకండి.’ వివరణ వద్దు, నవ్వుతూ చెప్పొద్దు. మళ్లీ చేస్తే తేదీ, అన్న మాట, విన్నవాళ్ల పేర్లు రాసిపెట్టుకుని మేనేజర్‌కో హెచ్ఆర్‌కో మెయిల్ పెట్టండి.

రాత్రంతా మీటింగ్‌ను తవ్వుకుంటూ నిద్ర పోగొట్టుకుంటుంటే, సాయంత్రం ఐదు నిమిషాలు పెట్టుకుని ఏం అడిగారు, ఏం చెప్పిన, వచ్చేసారి ఏం చేస్త అని మూడు గీతలు రాసి నోటుబుక్కు మూసేయండి.

ఆరు వారాలు ఇలా చేసినా లీవులు ఆగకపోతే మానసిక వైద్యులను కలవండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. సీబీటీ అనే మాటల చికిత్స సాధారణంగా వారానికి ఒకటి చొప్పున 12 నుంచి 16 సిట్టింగ్‌లు ఉంటుంది. అవసరమైతే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలీన్ వంటి మందులు ఇస్తారు. అవి రోజూ వేసుకునేవి, మీటింగ్ రోజున ఒకటి వేసుకునేవి కావు. గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. బాగైన తర్వాత కూడా కొన్ని నెలలు వాడి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. పెళ్లి, గర్భం ఆలోచనలు ఉంటే ముందే చెప్పండి. బయటికి వెళ్లడానికి మొహమాటమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటుంది. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఆరు వారాలు ఆగొద్దు, ఆ రోజే చేయండి.

ఈ వారం చేయాల్సినవి: టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్ పరీక్షలు, కండక్టరుతో ఆ ఒక్క ప్రశ్న, ఫ్రెండ్ ఇచ్చిన గోలీలు ఆమెకే తిరిగి ఇచ్చేయడం. ఆమె కూడా అవి ఎవరు రాస్తే వాడుతోందో అడగండి. రోజూ వేసుకుంటుంటే ఒక్కసారిగా ఆపొద్దని, డాక్టరును అడిగి తగ్గించుకోమని చెప్పండి.