హాస్టల్లో పేలిన జోకు సెమినార్‌లో ఎందుకు తుస్సుమంది?

ప్రశ్న: నేను బీటెక్ ఈఈఈ (ఎలక్ట్రికల్ బ్రాంచి) మూడో సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్లో నేను నోరు తెరిస్తే చాలు, అందరూ పడీపడీ నవ్వుతారు. ఆ ధైర్యంతో మొన్న సెమినార్ మొదట్లో నెట్‌లో దొరికిన ఒక డాక్టరు, ఇంజినీరు జోకు చెప్పాను. ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలో ఒకడు నవ్వాడు గానీ అది నన్ను చూసి. వచ్చే నెలలో 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో చేసిన ఇంటర్న్‌షిప్ మీద ప్రజంటేషన్ ఇవ్వాలి, ఆ తర్వాత ప్లేస్‌మెంట్స్ మొదలవుతాయి. హాస్యం జోలికి వెళ్లకుండా సీరియస్‌గా మాట్లాడటమే మంచిదా? - ఒక విద్యార్థి, నరసరావుపేట

జవాబు: హాస్యం మానక్కర్లేదు. ఆ డాక్టరు, ఇంజినీరు జోకు మానేస్తే చాలు.

హాస్టల్లో అందరూ నవ్వేది మీ జోకులకే అని మీరు అనుకుంటున్నారు. రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త నవ్వు మీదే ఏళ్ల తరబడి పరిశోధించాడు. జనం మాట్లాడుకునే చోట్ల ఆయనా, ఆయన విద్యార్థులూ నిలబడి 1,200 నవ్వుల్ని రాసుకున్నారు. ప్రతి నవ్వుకూ సరిగ్గా ముందు వచ్చిన మాటేమిటో చూస్తే, వాటిలో జోకు అనదగినవి 20 శాతానికి మించలేదు. మిగతావన్నీ 'సరే, నేను బయల్దేరతా' లాంటి మామూలు మాటలే. ఒంటరిగా ఉన్నప్పటికన్నా నలుగురిలో ఉన్నప్పుడు మనిషి 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడనీ ఆయన తేల్చాడు. హాస్టల్ గదిలో మీకు దొరికేది ఆ నలుగురే. మెస్‌లో పప్పు ఎలా ఉంటుందో, వార్డెన్ ఏ టైముకి తలుపు కొడతాడో వాళ్లకీ తెలుసు. మీరు సగం మాట అంటే మిగతా సగం వాళ్లే పూరించుకుంటారు.

సెమినార్ హాల్లో ఆ సగం లేదు. హెచ్‌వోడీ మార్కుల షీటు పట్టుకుని కూర్చున్నారు, మీ తర్వాత మాట్లాడాల్సినవాళ్లు తమ స్లైడ్లు మనసులో తిప్పుకుంటున్నారు. ఆ పూట వాళ్లతో మీకు పరిచయమే కుదరకముందు, సబ్జెక్టుతో సంబంధం లేని జోకు, అందులోనూ అందరి ఫోన్లలో ఎప్పుడో తిరిగి వెళ్లిపోయింది చెప్పారు. దానికి ముందు 'మీకో చిన్న జోకు చెప్తాను' అని కూడా అని ఉంటారని నా అనుమానం. అలా ప్రకటించగానే వినేవాళ్లు 'ఏదీ, నవ్వించు చూద్దాం' అని చేతులు కట్టుకుంటారు. ఇక ఎవరి తరమూ కాదు.

కాబట్టి హాలులో ఉన్నవాళ్లకీ మీకూ ఉమ్మడిగా తెలిసినదేదో ముందు వెతుక్కోవాలి. మీ అదృష్టం కొద్దీ అంశం కరెంటు. కరెంటు పోవడం తెలియని తెలుగువాడు లేడు.

సబ్‌స్టేషన్‌లో మీరు చూసిన వాటిని ఒకసారి గుర్తు చేసుకోండి. ఎండాకాలంలో ఎర్త్ పిట్‌లకు నీళ్లు పోయడం చూసే ఉంటారు. (పరికరాల ఎర్త్ తీగను నేలలోకి దింపిన గుంటలే ఎర్త్ పిట్‌లు.) మొక్క లేని చోట రోజూ నీళ్లు పోస్తున్న మనిషిని చూసి మొదటిరోజు మీకేమనిపించింది? అదే చెప్పండి. నవ్వుతారు, ఆ వెంటనే నేల తడిగా ఉంటే ఎర్త్ రెసిస్టెన్స్, అంటే కరెంటు నేలలోకి దిగడానికి ఎదురయ్యే అడ్డు, ఎందుకు తగ్గుతుందో వివరించండి. ఇప్పుడు వాళ్లు వింటారు. ఫీడర్ (ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే లైను) ట్రిప్పయిన, అంటే దానంతటదే ఆగిపోయిన, మరుక్షణం ఆపరేటర్ బల్ల మీద ఫోను మోగడం కూడా చూసి ఉంటారు. 'ఆ సబ్‌స్టేషన్‌లో రిలే తర్వాత అంత వేగంగా పనిచేసేది టెలిఫోనే' అన్నారనుకోండి, లైనులో లోపాన్ని పసిగట్టే ఆ రిలే ఎంత వేగంగా పనిచేస్తుందన్న మాటకు దారి దానంతటదే పడుతుంది.

అక్కడి లాగ్ పుస్తకం ఇంకోసారి అడిగి తిరగేయండి. సరఫరా ఆగిన కారణాల్లో తొండో, ఉడతో, కాకో, పామో కనబడే అవకాశం బాగా ఉంది. కరెంటున్న భాగానికీ ఎర్త్ చేసిన ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప తొట్టెకీ మధ్య ఆ జీవి ఒళ్లే దారి అవుతుంది, కరెంటు నేలలోకి పారే ఎర్త్ ఫాల్ట్ వస్తుంది, రిలే పసిగట్టి లైనును తెంచే స్విచ్చును, అంటే బ్రేకర్‌ను తెరుస్తుంది. దీన్ని మీరు రెండు రకాలుగా చెప్పొచ్చు. 'ఒక తొండ వల్ల ఫీడర్ ఆగిపోయింది, అక్కడ లక్షల విలువ చేసే పరికరాలున్నా' అనొచ్చు. లేదా ఇలా అనొచ్చు: 'ఆ ఆవరణలో లక్షల విలువ చేసే ట్రాన్స్‌ఫార్మర్లున్నాయి, బ్రేకర్లున్నాయి, రిలేలున్నాయి. ఆ రోజు ఊరంతటికీ కరెంటు ఆపింది మాత్రం, ఒక తొండ.' రెండింట్లోనూ విషయం ఒకటే. మొదటిదాంట్లో తొండ ముందే వచ్చేసింది, ఇక ఆశ్చర్యపోవడానికేం మిగల్లేదు. రెండోదాంట్లో చివరి మాట దాకా ఆగాల్సి వచ్చింది. తెలుగులో వాక్యం మామూలుగా క్రియతో ముగుస్తుంది కాబట్టి నవ్వు పుట్టించే మాట మధ్యలోనే కలిసిపోయే ప్రమాదం మనకు ఎక్కువ. 'ఆపింది', 'చేసింది', 'కట్టేది' అని క్రియను ముందుకు లాక్కుంటే ఆ మాటకు చివర చోటు దొరుకుతుంది. మంచి హాస్య వక్తలు ఎవరి మాటలు విన్నా ఈ సర్దుబాటు కనిపిస్తుంది.

ఆ మాట అన్నాక ఆగాలి. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. నవ్వు మొదలయ్యేలోపే భయపడి తర్వాతి వాక్యంలోకి దూకేస్తారు, వినేవాళ్లు నవ్వును మింగేసుకుంటారు, ఆ తర్వాత మళ్లీ నవ్వడానికి జంకుతారు. నవ్వు పైకి లేచి తగ్గడం మొదలయ్యాక, పూర్తిగా చల్లారకముందు అందుకోండి. రాకపోతే? తొండ మాటకు ఆ బెంగ లేదు. నవ్వితే హాస్యం, నవ్వకపోతే అదొక నిజమైన సమాచారం. మీరు ఎర్త్ ఫాల్ట్ స్లైడుకి వెళ్లిపోతారు, అక్కడ జోకు ఒకటి చచ్చిందని ఎవరికీ తెలియదు. మీరు రాసుకున్న ప్రతి నవ్వు మాటకూ ఇదే పరీక్ష పెట్టండి: అది తీసేస్తే ప్రజంటేషన్‌లో ఏదైనా తెగుతుందా? ఏమీ తెగకపోతే, ఎంత మంచి జోకైనా సరే, కొట్టేయండి.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు, ఒకరు రాజకీయం చెబితే ఇంకొకరు హాస్యం చెబుతారు. కథకుడు ఆవేశంగా సాగిపోతుంటే హాస్య వంత ఏమీ తెలియనట్టు అడ్డుపడి ఒక పిచ్చి ప్రశ్న వేస్తాడు. జనం ఫక్కున నవ్వుతారు. అయితే ఆ ప్రశ్న వాళ్లు అడగాలనుకుని అడగలేకపోయినదే అయి ఉంటుంది, దానికి కథకుడు చెప్పే జవాబుతోనే కథ ముందుకు నడుస్తుంది. షేక్ నాజర్ లాంటి మహానుభావులు ఈ కళతో రాత్రుళ్లు జనాన్ని కదలకుండా కూర్చోబెట్టారు. ఆయనకు 1986లో పద్మశ్రీ కూడా వచ్చింది. పాత బుర్రకథ రికార్డింగు ఏదైనా దొరికితే నవ్వు ఎక్కడెక్కడ పెట్టారో గమనిస్తూ వినండి. బరువైన ఘట్టం తర్వాత, జనం అలసిపోయే చోట ఉంటుంది. మీ పది నిమిషాల ప్రజంటేషన్‌లో అలాంటి చోట్లు రెండు, మహా అయితే మూడు. సింగిల్ లైన్ డయాగ్రమ్ (సబ్‌స్టేషన్ మొత్తాన్ని ఒంటి గీతలతో చూపే బొమ్మ) వివరించాక ఒకటి తప్పకుండా కావాలి, ఆ స్లైడుకి సగం తరగతి నిద్రలోకి జారుకుంటుంది.

చివర్లో ప్రశ్నలడిగేటప్పుడు పద్ధతి వేరు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం అని ఒక అంశం ఉంటుంది. అవధాని ఏకాగ్రత చెడగొట్టడానికి ఒక పృచ్ఛకుడు సంబంధం లేని, కొంటె ప్రశ్నలు వేస్తుంటాడు. అవధాని ఆ ప్రశ్నలోని మాటనే పట్టుకుని చమత్కారంగా జవాబిచ్చి, వెంటనే తన పద్యంలోకి వెళ్లిపోతాడు. మీరూ అంతే. అడిగిన మాటలోంచే నవ్వు పుడితే సరే, లేకపోతే వద్దు. ముందే తయారు చేసుకొచ్చిన చమత్కారం ప్రశ్నల సమయంలో ఇట్టే తెలిసిపోతుంది. జవాబు తెలియకపోతే దాన్ని నవ్వుతో కప్పకండి, హెచ్‌వోడీలు వైవాల్లో అలాంటివాళ్లను చాలామందిని చూసి ఉంటారు.

హాలు సంగతీ కాస్త చూసుకోండి. 60 మంది పట్టే గదిలో 20 మంది తలో మూలా కూర్చుంటే ఎంత మంచి మాటకైనా నవ్వు అంటుకోదు. మొదలుపెట్టే ముందు అందరినీ ముందు వరసల్లోకి రమ్మనండి. ఆన్‌లైన్‌లో అయితే అందరి మైకులూ మ్యూట్‌లో ఉంటాయి కాబట్టి నవ్వు కోసం ఎదురుచూడొద్దు, చెప్పేసి సాగిపోండి.

ఎవరి మీద నవ్వాలి అన్నది మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. కాలేజీ స్టేజీల మీద నాకు బొత్తిగా నచ్చనిది పక్కవాళ్ల యాసను వెక్కిరించడం. శ్రీకాకుళం యాస, తెలంగాణ యాస, రాయలసీమ యాస ఏదైనా సరే, మీ సొంత యాసలో మాట్లాడితే అందంగా ఉంటుంది. ఇంకొకరి యాసను అరువు తెచ్చుకుని నవ్విస్తే ఆ యాసలో ఇంట్లో మాట్లాడుకునే పిల్లవాడు ఆ హాల్లోనే ఎక్కడో తల వంచుకుని ఉంటాడు. ఒళ్లు, రంగు, కులం, లేడీ లెక్చరర్లు, ఇవి వద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ని కూడా నవ్వులపాలు చేయొద్దు. ఎర్త్ పిట్ కథలో అమాయకుడు మీరే కావాలి, ఆయన కాదు. అలాగని మిమ్మల్ని మీరు మరీ తక్కువ చేసుకోకండి. మొదటిరోజు తెలియక నవ్వుకున్నానంటే బాగుంటుంది. 'నాకు ఇప్పటికీ ట్రాన్స్‌ఫార్మర్ అర్థం కాలేదు' అంటే మార్కులు పోతాయి.

ఇక ప్లేస్‌మెంట్స్. గ్రూప్ డిస్కషన్‌లో, టెక్నికల్ రౌండ్‌లో హాస్యం కోసం ప్రయత్నించొద్దు. హెచ్‌ఆర్ రౌండ్‌లో ఎదుటివాళ్లు ముందు నవ్వితే మీరూ నవ్వండి. జామ్ (జస్ట్ ఎ మినిట్) రౌండ్‌లో మాత్రం దీనికి చోటుంది. ఏ అంశమిచ్చినా ఒక్క నిమిషమే కాబట్టి, మీరు కళ్లారా చూసిన ఒక్క వింత సంగతి చాలు. అక్కడ ఇంగ్లిష్‌లో మాట్లాడాలి కదా అని తెలుగు జోకును ఇంగ్లిష్‌లోకి మార్చబోకండి, దారిలోనే చస్తుంది. తొండ ఏ భాషలోనైనా తొండే. చూసిన సంగతిని చిన్న వాక్యాల్లో చెప్పడం అలవాటు చేసుకుంటే సరిపోతుంది.

అభ్యాసానికి, నలుగురిలో మాట్లాడటం నేర్పే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు మంచివి. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో మొదలైన సంస్థ ఇది. మన రాష్ట్రాల్లోనూ హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల్లో క్లబ్బులున్నాయి, 18 ఏళ్లు నిండినవాళ్లు చేరొచ్చు. వాళ్ల హాస్య ప్రసంగాల పోటీలో 5 నుంచి 7 నిమిషాలు మాట్లాడాలి. నాలుగున్నర నిమిషాల కన్నా తక్కువైనా, ఏడున్నర దాటినా అనర్హులే. నవ్వించగలిగి టైము తప్పినవాళ్లు అక్కడ ఓడిపోతారు, మీలాంటివాళ్లకు కావలసిన క్రమశిక్షణ అదే. సభ్యత్వ రుసుము ఉంటుంది, అందుకే ముందు అతిథిగా వెళ్లి చూడండి, సాధారణంగా డబ్బు తీసుకోరు.

అంతదాకా హాస్టలే మీ క్లబ్బు. ఒక్కటే షరతు: ఆ తొండ సంగతి మీ జట్టు మొత్తానికి కాదు, మీతో పెద్ద పరిచయం లేని సివిల్ బ్రాంచి కుర్రాడొకడికి చెప్పి చూడండి. అతను నవ్వాడా లేదా అన్నదానికన్నా, ఆ తర్వాత ఏమడిగాడో గమనించండి. 'తొండ చచ్చిపోయాక కరెంటు వెంటనే ఎందుకు ఇవ్వరు?' అని అడిగితే, ప్రజంటేషన్‌లో తొండ తర్వాత రావాల్సిన స్లైడు ఏదో అతనే చెప్పేశాడు.