క్యాడిలాక్ సీటీ5 దేనికి పోటీ?

ప్రశ్న: సార్, మేము డాలస్‌లో ఉంటాం. పాత కారు ఇచ్చేసి సెకండ్‌హ్యాండ్‌లో ఒక లగ్జరీ సెడాన్ తీసుకుందామని చూస్తున్నా. ఫ్రెండ్స్ అందరూ బీఎండబ్ల్యూ 3 సిరీస్ అంటున్నారు, నాకేమో 2020 మోడల్ క్యాడిలాక్ సీటీ5 బాగా నచ్చేసింది. అంత పెద్ద బండిని 2 లీటర్ల టర్బో లాగగలదా? అసలు ఇది 3 సిరీస్‌కి పోటీయా, దానికంటే పెద్దదైన 5 సిరీస్‌కా?

జవాబు: రెండో ప్రశ్నే అసలైంది, ముందు అది చూద్దాం. సీటీ5 పొడవు దాదాపు 194 అంగుళాలు, అంటే 5 సిరీస్ అంత. కొత్తగా వచ్చినప్పుడు ధర మాత్రం 3 సిరీస్ కంటే కూడా కాస్త తక్కువే, 37 వేల డాలర్ల దగ్గర మొదలైంది. చిన్న కారు రేటుకి పెద్ద కారు ఇవ్వాలన్నది క్యాడిలాక్ వాళ్ల లెక్క, అది మంచి లెక్కే అంటాను నేను. కానీ కొనేవాళ్లు 5 సిరీస్ పక్కన పెట్టి చూస్తే లోపలి ఫినిషింగ్ వెలవెలబోతుంది, 3 సిరీస్ పక్కన పెడితే బండి పెద్దగా బరువుగా అనిపిస్తుంది, అలా మధ్యలో ఉండిపోయింది. పైగా ఇంత పొడవున్నా డిక్కీ 11.9 క్యూబిక్ అడుగులే, 3 సిరీస్‌లో 17 దాకా ఉంటుంది, ఎయిర్‌పోర్టుకి పెద్ద సూట్‌కేసులతో వెళ్లేవాళ్లకి ఇది నిజంగా ఇబ్బందే.

ఇక ఇంజన్. మీరడిగిన 2 లీటర్లది 237 హార్స్‌పవర్, ట్విన్ స్క్రోల్ టర్బో. అంటే సిలిండర్ల నుంచి వచ్చే పొగ రెండు దారుల్లో విడివిడిగా వెళ్లి, ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టించే టర్బైన్ చక్రాన్ని తిప్పుతుంది, అందుకే 1500 ఆర్‌పీఎమ్ (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే లాగుడు అందుతుంది, సిటీలో మీకు లోటేం తెలీదు. ఫ్రీవేలో గట్టిగా తొక్కినప్పుడు మాత్రం ఇంజన్ గరగరమంటుంది, లగ్జరీ కారులో ఆ సౌండ్ నాకు నచ్చలేదు. అందుకే రెండు టర్బోలు, ఆరు సిలిండర్లున్న 3 లీటర్ల వీ6 ఇంజన్ బండి దొరుకుతుందేమో వెతకండి, ప్రీమియం లగ్జరీ అనే వేరియంట్‌లో 335, సీటీ5-వీలో 360 హార్స్‌పవర్, ఈ బండి స్టీరింగుకీ సస్పెన్షన్‌కీ తగ్గ ఇంజన్ అదే.

ఫోర్డ్ వాళ్ల లగ్జరీ బ్రాండు లింకన్ 2020లో అమెరికాలో సెడాన్లు ఆపేసింది కాబట్టి అమెరికన్ లగ్జరీలో పెట్రోల్ సెడాన్ కావాలంటే ఇంక క్యాడిలాకే. పాతబడితే జర్మన్ కార్ల కంటే రేటు బాగా పడిపోతుంది, కొనే మీకు అది లాభం, రేపు అమ్మేటప్పుడు అదే నష్టం, కనక చాలా ఏళ్లు ఉంచుకునేట్టయితేనే తీసుకోండి. ఆయిల్ టైముకి మార్చారో లేదో సర్వీస్ రికార్డులు అడగండి, టర్బో బేరింగులు బతికేది ఆ ఆయిల్ మీదే. టెస్ట్ డ్రైవ్‌కి ఇంట్లోవాళ్లని కూడా తీసుకెళ్లి వెనక సీట్లో కూర్చోబెట్టండి, నాకైతే వాళ్ల మాటతోనే మీ బేరం తేలిపోతుందనిపిస్తోంది.